అంగట్లో మూత తెరిచి చూడండి

జూన్, జూలై నెలలు వచ్చాయంటే చిత్తూరు, తిరుపతి వైపు బంధువుల ఇళ్ల నుంచి నాకు ఫోన్లు మొదలవుతాయి. ఇంటర్ అయిపోయి ఉంటుంది, ఇంజనీరింగ్ సీటు చేతికి వచ్చో రాబోతూనో ఉంటుంది. "అన్నా, పాపకు ల్యాప్‌టాప్ తీయాల. ఏ కంపెనీది మంచిది?" అడిగేది తండ్రో, మేనమామో. నేను కంపెనీ పేరు చెప్పను. ఏ కంపెనీ అయినా శ్రద్ధగా చేసిన మోడలూ అమ్ముతుంది, ధర తగ్గించడానికి అన్నీ కోసేసిన మోడలూ అమ్ముతుంది. రెండిటి మూత మీదా ఒకే పేరు ఉంటుంది. అందుకే ముందు వాళ్లను అడుగుతాను: ఇంట్లో దాని ముందు కూర్చునేది ఎవరెవరు? ఏ పని మీద?

జవాబు వింటూ పోతే ఆ యంత్రం పాప ఒక్కదానిదే కాదని తేలుతుంది. పాపకు కాలేజీ ప్రోగ్రామింగ్ పనులుంటాయి. తమ్ముడు ఈఏపీసెట్‌కో, జేఈఈ మెయిన్‌కో తయారవుతుంటాడు. ఆ రెండూ కంప్యూటర్ మీదే రాయాలి కాబట్టి మాదిరి పరీక్షలూ దాని మీదే రాయాలి. అమ్మకు పొదుపు సంఘం లెక్కలు. అవ్వకు అమెరికాలో ఉన్న మనవడి ముఖం పెద్దగా కనపడాలి. తిరుపతిలో ఉన్న పాపానికి, శ్రీవారి మూడొందల రూపాయల దర్శనం టికెట్లు ఆన్‌లైన్లో విడుదలైన రోజు చుట్టాలందరి ఆధార్ నంబర్లూ ఈ ఇంటికే వస్తాయి. మీసేవ మొదలైంది మన చిత్తూరులోనే, 2011 నవంబరులో. ఆ కౌంటర్ల ముందు నిలబడి చేయించుకున్న పనుల్లో చాలా భాగం ఇప్పుడు ఇంట్లో కూర్చుని చేసుకోవచ్చు.

ఫోన్ చాలదా అంటారు కొందరు. చూడడానికి చాలు. 2022 డిసెంబరులో రాష్ట్ర ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది. ఆ పిల్లలు ఇప్పుడు ఇంటర్‌కు వచ్చారు. పాఠం వినడానికి ట్యాబు సరిపోయింది గానీ, పది పేజీల ప్రాజెక్టు రిపోర్టు రాయాలంటే, ఒక ప్రోగ్రాము రాసి నడిపి తప్పులు దిద్దుకోవాలంటే, వేళ్లకు మీటలు కావాలి, కంటికి వెడల్పు కావాలి. ఇంటి ల్యాప్‌టాప్ కొనడానికి నాకు కనిపించే బలమైన కారణం ఇదే.

ఇక అంగట్లో జరిగేది చెబుతాను. లోపలికి అడుగు పెట్టగానే కుర్రవాడు మొదట చూపించేది అరచేతి దగ్గర అంటించిన స్టిక్కర్. "ఐ5 సార్", "రైజెన్ 5 సార్" అంటాడు. ఆ మాట ఒక్కటే విని డబ్బు కట్టేవాళ్లను చాలామందిని చూశాను. ఐ5 అనే పేరు ఏళ్లుగా నడుస్తోంది. ఏ తరానిదో తెలియకపోతే ఆ పేరుకు విలువ లేదు. ఇంటెల్ 2023 చివరి నుంచి 'ఐ' అక్షరాన్నే తీసేసి కోర్ అల్ట్రా అని, కోర్ 5 అని కొత్త పేర్లు పెట్టింది. అలాగని కోర్ 5 అని ఉన్నదల్లా లోపల కొత్తదనుకోకూడదు. కోర్ 5 120యు అనే చిప్పు పదమూడో తరం ఐ5కు చాలా దగ్గరి చుట్టమే.

ఏఎండీ వైపు ఇంకొంచెం జాగ్రత్త కావాలి. రైజెన్ 5 7520యు అని ఒకటి, రైజెన్ 5 7530యు అని ఒకటి. ధరల చీటీ మీద రెండూ పక్కపక్కనే ఉంటాయి, తేడా ఒక్క అంకె. ఆ మూడో అంకె చూడాలి. 7000 వరుస ల్యాప్‌టాప్ చిప్పుల్లో లోపలి నిర్మాణం ఏ కాలానిదో చెప్పేది అదే. 2 ఉంటే జెన్ 2, అంటే 2019లో వచ్చిన నిర్మాణం; 7520యుకు నాలుగు కోర్లు. 3 ఉంటే జెన్ 3; 7530యుకు ఆరు కోర్లు. పైగా 7520యు ఉన్న యంత్రాల్లో ర్యామ్ బోర్డుకే అతికించి వస్తుంది. ఎనిమిది జీబీతో కొంటే చివరిదాకా ఎనిమిదే. పూర్తి మోడల్ నంబరు కాగితం మీద రాసివ్వమని అడగండి. మంచి అంగడివాళ్లు రాసిస్తారు. విసుక్కునేవాళ్ల దగ్గర కొనకండి.

అయితే ఒక మాట. ఇంటి పనులకు గత మూడు నాలుగేళ్లలో వచ్చిన మధ్యరకం ప్రాసెసర్ ఏదైనా చాలు. ల్యాప్‌టాప్ మూడో ఏటికే ముసలిదయిందంటే ఎక్కువ సార్లు తప్పు ప్రాసెసర్‌ది కాదు, మెమరీది, అంటే ర్యామ్‌ది. బ్రౌజర్‌లో పది ట్యాబులు, ఒక వీడియో కాల్, వెనక యాంటీవైరస్ అంటే ఎనిమిది జీబీ నిండిపోతుంది. పదహారు జీబీ తీసుకోవాలి. చేతిలో అంత డబ్బు లేకపోతే ఎనిమిది జీబీతో పాటు ఖాళీ ర్యామ్ స్లాటు ఉన్న మోడలైనా తీసుకోవాలి. "తర్వాత పెంచుకోవచ్చు సార్" అనే మాట స్లాటు లేని యంత్రం గురించి కూడా చెబుతారు, కాబట్టి కంపెనీ వెబ్‌సైట్లో ఆ మోడల్ పేజీ తెరిచి చూసుకోవాలి. 2025 చివరి నుంచి ర్యామ్ ధరలు బాగా ఎక్కాయి. ఏఐ డేటా సెంటర్లకు కావలసిన ఖరీదైన మెమరీ వైపు తయారీదారులు మళ్లారు. మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో ఇళ్లకు అమ్మే ర్యామ్, ఎస్ఎస్‌డీల వ్యాపారం నుంచి తప్పుకుంటున్నానని 2025 డిసెంబరులో ప్రకటించింది. తర్వాత పెంచుకుందాం అనుకున్నవాళ్లకు ఇది ఖరీదైన కాలం. ఎస్ఎస్‌డీ 512 జీబీ ఉంటే ఇంటికి సరిపోతుంది. ఎస్ఎస్‌డీకి బదులు ఈఎంఎంసీ అనే నెమ్మది రకం నిల్వ ఉన్నది మాత్రం ఎంత చవకైనా వద్దు.

నాకు అన్నిటికంటే పట్టింపు తెర మీద. ఇంట్లో నలుగురు గంటల తరబడి చూసేది దాన్నే, అంగట్లో ఎవరూ పట్టించుకోనిదీ దాన్నే. నేను వెంట వెళితే మొదట చేసేది, ఒక తెలుగు పత్రిక వెబ్‌సైట్ తెరిపించడం. మామూలు సైజులో నాలుగు పేరాలు చదువుతాను. మన లిపికి పైన గుడులు, కింద ఒత్తులు. ఇంగ్లీషు అక్షరం బాగానే కనిపించే తెర మీద కూడా 'రాష్ట్రం', 'లక్ష్మి' లాంటి మాటల కింద ఒత్తులు అలికినట్టు అవుతాయి. 1366 పిక్సెళ్ల పాత రకం తెరల మీద ఈ ఇబ్బంది స్పష్టంగా తెలుస్తుంది. 1920 పిక్సెళ్లు ఉన్నది తీసుకోవాలి. తర్వాత తెరను కొంచెం వెనక్కి వంచి, పక్కకు జరిగి చూస్తాను. రంగులు మారిపోతే, ముఖాలు నల్లబడితే అది టీఎన్ తెర. అవ్వా మనవరాలూ పక్కపక్కన కూర్చుని చూసే ఇంట్లో అది పనికిరాదు. ఐపీఎస్ తెర అడగాలి. వెలుతురు కూడా ముఖ్యం. మన ఇళ్లలో వసారాలో, కిటికీ పక్కన కూర్చుని పని చేస్తాం. చవక రకాల్లో వెలుగు 250 నిట్లు, లేదా అంతకంటే తక్కువ. 300 దాటితే పగటిపూట కళ్లు చిట్లించాల్సిన పని తగ్గుతుంది. ఏసీ గది దీపాల కింద అన్ని తెరలూ అందంగానే ఉంటాయి, కాబట్టి యంత్రాన్ని అంగడి వాకిలి దాకా తెచ్చి చూపించమనండి. అడగడానికి మొహమాటం వద్దు. యాభై వేలు పెడుతున్నది మీరు.

మీటల సంగతీ అంతే. నోట్‌ప్యాడ్ తెరిచి నాలుగు వాక్యాలు టైపు చేసి చూడాలి. ఎంటర్ మీట, బాణం గుర్తుల మీటలు వేలికి అందుతున్నాయా, నొక్కినప్పుడు కీబోర్డు నడుమ వంగుతోందా అన్నవి ఏ స్టిక్కర్ మీదా ఉండవు. తెలుగులో రాయడానికి వేరే కీబోర్డు కొనక్కర్లేదు. విండోస్‌లో తెలుగు భాష చేర్చుకుంటే చాలు, ఇన్‌స్క్రిప్ట్ మీటల వరుస దానితోనే వస్తుంది. నిర్మల యుఐ ఫాంటు ఎలాగూ లోపల ఉంటుంది. పెళ్లి పత్రికలు కొట్టే డీటీపీ అంగళ్లలో నడిచే అను ఫాంట్లు వేరే లోకం. ఇంట్లో యూనికోడ్‌లో రాయడం నేర్చుకుంటే ఆ రాత మెయిల్లోనూ, వాట్సాప్‌లోనూ, వెతుకులాటలోనూ అంతటా చెల్లుతుంది. తెలుగు టైపింగ్ అలవాటైన పిల్ల ఇంట్లో ఒకరుంటే అవ్వ చెప్పే పాటలూ, తాత చెప్పే ఊరి సంగతులూ రాతలోకి వస్తాయి. ల్యాప్‌టాప్ చేసే పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది ఇదే.

మన ఎండల గురించి కూడా చెప్పాలి. తిరుపతి, రేణిగుంటల్లో వేసవిలో నలభై డిగ్రీలు దాటడం మామూలు. చాలా ల్యాప్‌టాప్‌లు అడుగు నుంచి గాలి పీల్చుకుంటాయి. పరుపు మీద, దిండు మీద పెడితే ఆ రంధ్రాలు మూసుకుపోతాయి. వేడెక్కిన ప్రాసెసర్ తనను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది, అప్పుడు ఇంట్లోవాళ్లు యంత్రం పాడైందనుకుంటారు. గట్టి బల్ల మీద పెట్టాలి, అంతే. బ్యాటరీ విషయంలో "పది గంటలు వస్తుంది" అన్న మాట వదిలేసి వాట్ అవర్ లెక్క అడగండి. చిన్న చిన్న పనులకు యంత్రం ఎనిమిది నుంచి పది వాట్లు తింటుంది. 42 వాట్ అవర్ ఉంటే నాలుగైదు గంటలు, 56 ఉంటే అయిదున్నర నుంచి ఏడు గంటలు. ఎప్పుడూ ప్లగ్గులోనే ఉండే ఇంటి యంత్రానికి ఛార్జింగ్ 80 శాతం దగ్గర ఆగేట్టు పెట్టుకునే సదుపాయం చాలా కంపెనీలు ఇస్తున్నాయి. పెట్టుకుంటే బ్యాటరీ ఎక్కువ ఏళ్లు నిలుస్తుంది. పాత ఇళ్లలో రెండు రంధ్రాల ప్లగ్గులే ఉంటాయి. లోహపు ఒంటి ల్యాప్‌టాప్‌ను ఎర్తు లేని ప్లగ్గుకు పెడితే చేతికి సన్నగా జివ్వుమంటుంది. ల్యాప్‌టాప్ మీద పోట్లాడకముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి ఎర్తు వేయించండి.

ఎక్కడ కొనాలి? చిత్తూరు వాళ్లకు ఒక చేతికి బెంగళూరు ఎస్పీ రోడ్డు, ఇంకో చేతికి చెన్నై రిచీ స్ట్రీట్. నాలుగేసి గంటల ప్రయాణం. విడిభాగాలకు, పాత యంత్రాలకు ఆ వీధులు మంచివే. కొత్త ల్యాప్‌టాప్‌కు మాత్రం అంత దూరం పోవాల్సిన పని ఇప్పుడు లేదు. తిరుపతిలో దొరకని మోడల్ ఆన్‌లైన్లో దొరుకుతుంది. నా పద్ధతి ఇది: చూడడం ఊళ్లో అంగట్లో, ధర పోల్చడం ఆన్‌లైన్లో. తేడా వెయ్యీ రెండు వేలైతే అంగట్లోనే తీసుకుంటాను, ఎందుకంటే మొదటి నెలలో ఏ చిన్న తేడా వచ్చినా పోయి అడగడానికి మనిషి ఉంటాడు. కొనే ముందు ఆ కంపెనీ సర్వీసు సెంటర్ మన ఊళ్లో ఉందా, వారంటీ ఇంటికొచ్చి చేసేదా లేక మనమే మోసుకెళ్లాలా అని తెలుసుకోవాలి. ఇంటికొచ్చి చేసే వారంటీకి కొంచెం జాస్తి ఇచ్చినా నష్టం లేదు. వడ్డీ లేని కిస్తీలు అన్నప్పుడు ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద పడే జీఎస్టీ ఎంతో అడగండి. బిల్లు జీఎస్టీ నంబరుతో తీసుకోండి. న్యాయం జరగకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది.

సెకండ్ హ్యాండ్ తీసుకునేవాళ్లకు ఒక హద్దు చెబుతాను. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. విండోస్ 11 నడవాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం నుంచి పైన ఉండాలి. ఆరో తరం, ఏడో తరం యంత్రాలు ఇప్పుడు చవగ్గా వస్తున్నది ఇందుకే. బ్యాంకు పనులు చేసే ఇంటికి అవి తేవద్దు. "అన్నీ వేసిస్తాం సార్" అంటూ దొంగ ఆఫీసు, దొంగ విండోస్ ఎక్కించే అంగళ్లున్నాయి. వాటి వెంట ఏమేం లోపలికి వస్తాయో ఎవరికీ తెలియదు. అసలు ఆఫీసు కలిపి ఇచ్చే మోడళ్లున్నాయి. లేదంటే లిబ్రె ఆఫీస్ ఉచితం, తెలుగులో కూడా పని చేస్తుంది.

ఇంత రాస్తున్నది ఈ యంత్రాలు మనకు దూరపు వస్తువులు కావు గనుక కూడా. శ్రీసిటీలో 2015 నుంచే షావోమీ ఫోన్లు బిగించారు. తిరుపతి పక్కన డిక్సన్ ఫ్యాక్టరీలో టీవీలు తయారవుతున్నాయి. నగరి దాటి పోతే వచ్చే శ్రీపెరంబుదూరులో హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లు, పుదుచ్చేరిలో లెనోవో ల్యాప్‌టాప్‌లు బిగిస్తున్నారు. చిప్పులూ తెరలూ బయటి దేశాల నుంచే వస్తున్నా, మన పల్లెల నుంచి పొద్దున్నే కంపెనీ బస్సెక్కే ఆడపిల్లలు ఎలక్ట్రానిక్స్ లైన్ల మీద పని చేస్తున్నారు.

అయినా మన అంగళ్లలో నన్ను బాధపెట్టే దృశ్యం ఒకటుంది. ఆడపిల్ల చదువు కోసం ల్యాప్‌టాప్ కొనడానికి నాన్న, మామ, పక్కింటి అన్న వస్తారు. పాప ఇంట్లో ఉంటుంది. మగపిల్లవాడి కోసమైతే వాడే ముందు నడుస్తాడు, మీటలు నొక్కుతాడు, బేరం కూడా ఆడతాడు. నాలుగేళ్లు ఆ తెర ముందు కూర్చునే మనిషి లేకుండా జరిగే కొనుగోలు సగం కొనుగోలే. అమ్మలకూ నాన్నలకూ నా విన్నపం: ఈసారి పాపను వెంట తీసుకెళ్లండి. ఆమెను కూర్చోబెట్టి టైపు చేయనివ్వండి, మోడల్ నంబరు ఆమెనే అడగనివ్వండి. బిల్లు ఆమె పేరు మీద రాయించండి. వారంటీ ఆమె ఫోన్ నంబరుతో నమోదు చేయించండి.