చదివిన పుస్తకం, చూసిన ఊరు: రాజశేఖర చరిత్రము పుట్టుక

తెలుగు నవల ఆరంభాన్ని గురించి ఏ పుస్తకం తీసినా మీకు ఒక మాట ఎదురవుతుంది. కందుకూరి వీరేశలింగం రాసిన రాజశేఖర చరిత్రము ఆలివర్ గోల్డ్‌స్మిత్ ఇంగ్లీషు నవల ‘వికార్ ఆఫ్ వేక్‌ఫీల్డ్’కు అనుసరణ అని. పరీక్షలో ఈ మాటను ఒక వాక్యంగా రాసి ముందుకు సాగిపోయే విద్యార్థులే ఎక్కువ. మీరు మాత్రం అక్కడ కాసేపు ఆగండి. అనుసరణే అయితే దాన్ని తొలి నవలగా ఎందుకు లెక్కిస్తున్నాం? స్వతంత్ర రచన అయితే ఆ పోలికల సంగతేమిటి? ఒక రచయిత తాను ఇష్టపడి చదివిన పుస్తకం నుంచి ఏం తీసుకుంటాడు, ఏది వదిలేస్తాడు అన్నదే ఈ భాగంలో మనం చూడబోయే విషయం.

1878లో ఈ రచన వివేకవర్ధని పత్రికలో వెలువడింది. 1880లో పుస్తకంగా వచ్చింది. అప్పటికి తెలుగులో ‘నవల’ అన్న మాటే లేదు. ఆ పేరు తరువాత కాశీభట్ట బ్రహ్మయ్యశాస్త్రి వాడుకలోకి తెచ్చారు. వీరేశలింగం తన రచనను వచన ప్రబంధం అన్నారు. నరహరి గోపాలకృష్ణమ చెట్టి 1872లో శ్రీరంగరాజ చరిత్ర రాసిన మాట నిజమే. ఏది మొదటిది అన్న వివాదాన్ని మీరు గత పాఠాల్లో చదివే ఉంటారు కాబట్టి దాన్ని ఇక్కడ పక్కన పెడదాం. మనకు కావలసింది వేరు. ఇంటి భాషలో నమూనాలు దాదాపు లేని రోజుల్లో నవల రాయాలనుకున్నవాడికి ఆ ప్రక్రియ ఎలా ఉంటుందో తెలిసేది చదువు వల్లనే.

వీరేశలింగం గట్టి చదువరి. మొదట్లో ఆయనపై ప్రబంధాల మోజు ఎంతగా ఉండేదంటే, అచ్చతెలుగులో, అదీ ఓష్ఠ్యాక్షరాలు లేకుండా, నైషధ కథను పద్యకావ్యంగా రాశారు. పెదవులు తగలకుండా పలికే కావ్యమన్నమాట! అలాంటి కసరత్తులో తలమునకలైన మనిషే తరువాత ఇంగ్లీషు పుస్తకాలు చదువుతూ, చదివినదాన్నల్లా తెలుగు చేయాలని ఉబలాటపడ్డారు. షేక్స్‌పియర్ కామెడీ ఆఫ్ ఎర్రర్స్‌ను చమత్కార రత్నావళిగా, షెరిడన్ నాటకాలు రెండింటిని రాగమంజరి, కల్యాణకల్పవల్లిగా తెచ్చారు. నచ్చిన పుస్తకాన్ని తనలోనే దాచుకోలేని స్వభావం ఆయనది.

గోల్డ్‌స్మిత్ పుస్తకం విషయంలోనూ మొదట జరిగింది అదే. దాన్ని తెలుగు చేయడం మొదలుపెట్టి, కొంత చేశాక తృప్తి కలగక విడిచిపెట్టి, స్వతంత్రంగా రాయడానికి పూనుకున్నట్టు ఆయనే చెప్పుకున్నారు. నా దృష్టిలో తెలుగు నవలకు సంబంధించి ఇది చాలా ముఖ్యమైన ఘట్టం. అనువాదం ఆగిపోవడంలో ఒక విమర్శ ఉంది. ఆ పాదిరీ ఇల్లు, ఆ పల్లె, ఆ మర్యాదలు తెలుగులో చెబితే తెలుగువి కావని రచయితకు చేతులారా చేసి చూశాకే తెలిసింది.

ఇప్పుడు రెండు కథలనూ పక్కపక్కన పెట్టి చూడండి. 1766లో వచ్చిన గోల్డ్‌స్మిత్ నవలలో ప్రింరోజ్ అనే మంచి మనసున్న పాదిరీ భార్యాబిడ్డలతో సుఖంగా ఉంటాడు. అతని సొమ్ము దాచిన వర్తకుడు దివాలా తీసి పరారవుతాడు. కుటుంబం ఊరు మారుతుంది, మోసాలకు గురవుతుంది, చివరకు తండ్రి జైలుపాలవుతాడు. పేదవాడిలా తిరిగే బర్చెల్ నిజానికి పెద్ద జమీందారని తేలడంతో కష్టాలు తీరుతాయి. వీరేశలింగం కథలో ధవళేశ్వరంలో ఉండే సంపన్న గృహస్థు రాజశేఖరుడు ఆస్తి పోగొట్టుకొని, కాశీయాత్ర పేరుతో కుటుంబాన్ని వెంటబెట్టుకుని బయలుదేరి, దారిలో దొంగల పాలబడి, చెరసాల కూడా చూస్తాడు. రామరాజు అనే పేరుతో సాయపడినవాడు మారువేషంలో ఉన్న పెద్దాపురం ప్రభువు కృష్ణజగపతి అని చివరకు తెలుస్తుంది. పోలిక కనిపిస్తూనే ఉంది, దాచవలసిన పని లేదు.

కాని ఒక్క ప్రశ్న వేసుకోండి. ఇద్దరి ఆస్తీ ఎలా పోయింది?

ప్రింరోజ్ ఆస్తి ఎక్కడో పట్నంలో ఉన్న వర్తకుడి వల్ల పోయింది. అందులో అతని తప్పు లేదు. అది పిడుగులాంటిది. రాజశేఖరుడి ఆస్తి మాత్రం అతని వీధి అరుగు మీదే కరిగిపోయింది. పొద్దున్నే వచ్చి చేరి పొగిడేవాళ్లు, అప్పులడిగి తీర్చనివాళ్లు, జ్యోతిషం చెప్పేవాళ్లు, చివరకు బంగారం చేసి ఇస్తానని నమ్మించి, ఇంట్లో ఉన్న బంగారమే పట్టుకుపోయిన బైరాగి. ఇందులో ఏ ఒక్కటీ వేక్‌ఫీల్డ్ నుంచి రాలేదు. ధవళేశ్వరంలో వీరేశలింగం ఉపాధ్యాయుడిగా పనిచేశారు. వివేకవర్ధనిని 1874లో ప్రారంభించింది అక్కడే. ఆ పత్రికలో ఆయన ఎండగట్టిన మూఢనమ్మకాలే, లంచాలు, ముఖస్తుతులే నవలలో మనుషుల రూపం ఎత్తాయి. గోల్డ్‌స్మిత్‌లో దురదృష్టమైనది ఇక్కడ స్వభావం అయింది. రాజశేఖరుడు మంచివాడే. ఆ మంచితనం వివేకం లేనిది కావడం వల్లే అతను చెడిపోయాడు. నవలకు వివేకచంద్రిక అన్న మరో పేరు ఊరికే పెట్టలేదు.

నవల గోదావరి వర్ణనతో, ధవళగిరితో మొదలవుతుంది. ఈ వర్ణన కొంత సాగుతుంది, ప్రబంధాల నాటి అలవాటు పూర్తిగా వదల్లేదు. అయినా చదువుతూ వెళితే మీకు తెలుస్తుంది: ఆ నదిని, ఆ మెట్లను, ఆ గుడిని రచయిత కళ్లారా చూశాడు. పుస్తకం చెప్పిందేమిటంటే, ఒక సాధారణ గృహస్థు కుటుంబం కూడా కథకు చాలునని. ఆ ధైర్యం గోల్డ్‌స్మిత్ ఇచ్చాడు. ఆ కుటుంబం ఎవరిదన్నది మాత్రం ఊరు చెప్పింది.

అలాగని ఈ నవలను తలకెత్తుకోనక్కర్లేదు. నమూనాను వదిలిన చోట వీరేశలింగం ఎంత బలంగా ఉన్నారో, దాన్ని పట్టుకొని వేలాడిన చోట అంత బలహీనపడ్డారు. రెండో సగం చూడండి. చనిపోయారనుకున్నవాళ్లు బతికి వస్తారు, మారువేషాలు తొలగుతాయి, దుర్మార్గులు దొరికిపోతారు. గోల్డ్‌స్మిత్ చివరి అధ్యాయాల్లోనూ ఇదే హడావుడి. అయితే ఆయన నవ్వుతూ చెబుతాడు, కాబట్టి పాఠకుడూ నవ్వి ఊరుకుంటాడు. మన రచయితకు ఆ వెసులుబాటు లేదు, ఆయన సంస్కర్త.

దీనివల్ల జరిగిన నష్టం రుక్మిణి విషయంలో బాగా కనిపిస్తుంది. రాజశేఖరుడి పెద్దకూతురు రుక్మిణి. భర్త నృసింహస్వామి చనిపోయాడన్న వార్త వస్తుంది. చిన్న వయసులో వితంతువైన స్త్రీ బతుకు ఏమిటన్న ప్రశ్న నవల ముందు నిలబడింది. జవాబు చెప్పవలసిన చోట కథ పక్కకు తప్పుకుంటుంది: భర్త బతికే ఉన్నాడు, తిరిగి వస్తాడు. గోల్డ్‌స్మిత్ నవలలో ఒలీవియాకు జరిగింది దొంగపెళ్లి అనుకుంటాం, చివరకు అది నిజమైన పెళ్లే అని తేలుతుంది. ఇద్దరు స్త్రీలనూ కథలో మలుపే కాపాడింది, సమాజం మారనక్కర్లేకపోయింది. ఈ నవల పుస్తకంగా వచ్చిన మరుసటి ఏడాది, 1881 డిసెంబరులో, రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం చేయించినవాడు ఈ రచయితే. జీవితంలో చేయగలిగిన పని నవలలో ఎందుకు చేయలేకపోయారు? పాఠకులను బెదరగొట్టకూడదని అనుకొని ఉండవచ్చు. చదివిన కథ ముగింపు సిద్ధంగా చేతిలో ఉండటం కూడా ఒక కారణమని నేననుకుంటాను. ఇష్టమైన పుస్తకం దారి చూపుతుంది. అదే పుస్తకం ఒక్కోసారి దారికి అడ్డమూ నిలుస్తుంది.

తరువాత రాసిన సత్యరాజా పూర్వదేశ యాత్రలతో పోలిస్తే ఈ తేడా ఇంకా స్పష్టమవుతుంది. దానికి ప్రేరణ స్విఫ్ట్ రాసిన గలివర్ యాత్రలు. సముద్రాలు దాటి వింత దేశాలు చూసివచ్చే చట్రం అక్కడిదే. కాని సత్యరాజు చేరిన ఆడుమళయాళం స్విఫ్ట్‌లో లేదు. స్త్రీల రాజ్యం అన్న మాట మన కథల్లో ఉన్నదే. వీరేశలింగం అక్కడ ధర్మశాస్త్రాన్ని తలకిందులు చేశారు. మగవాళ్లకు చదువు లేదు, పత్నివ్రత ధర్మాలు ఉన్నాయి, భార్య పోతే భర్త పడే పాట్లు ఉన్నాయి. రుక్మిణి దగ్గర తప్పించుకున్న ప్రశ్న ఇక్కడ వెక్కిరింతై తిరిగి వచ్చింది.

ఇంకొక సంగతి. రాజశేఖర చరిత్రమును హచిన్సన్ ‘ఫార్చూన్స్ వీల్’ పేరుతో ఇంగ్లీషులోకి అనువదించగా 1887లో లండన్‌లో అచ్చయింది. గోల్డ్‌స్మిత్ దేశం నుంచి వచ్చిన చట్రం తెలుగు మనుషులను ఎక్కించుకొని మళ్లీ అక్కడికే వెళ్లింది. అక్కడి పాఠకుడు దాన్ని తెరిచింది తనకు తెలిసిన పాదిరీ కోసం కాదు. బైరాగికి బంగారం ఇచ్చిన ఆ గృహస్థు కోసం.

మీకు గ్రంథాలయంలో ఈ నవల దొరికితే మొదట బైరాగి వచ్చే అధ్యాయాలు చదవండి, తరువాత చివరి రెండు మూడు అధ్యాయాలు. రెండింటిలోనూ మనుషులు మాట్లాడే తీరును పోల్చి మీ నోట్సులో రాసుకోండి. ఎక్కడ రచయిత ఊరిని వింటున్నాడో, ఎక్కడ పుస్తకాన్ని వింటున్నాడో మీరే గుర్తుపట్టగలరు.