కాగితం చూపించి వాదించిన సారు

2009 నవంబర్ 29న హైదరాబాద్ ఎల్‌బీ నగర్ చౌరస్తాలో ప్రత్యేక తెలంగాణ కోసం శ్రీకాంతాచారి ఆత్మాహుతికి పాల్పడ్డాడు. డిసెంబర్ 3న కన్నుమూశాడు. అంతటి దుఃఖం మధ్య తేదీలు, జీవోలు పట్టుకొని మాట్లాడటం సులువు కాదు. ప్రొఫెసర్ జయశంకర్ (1934-2011) జీవితమంతా చేసిన పని అదే.

ఆయన అర్థశాస్త్రం చదువుకున్న పంతులు, కాకతీయ విశ్వవిద్యాలయం మాజీ వైస్ చాన్సలర్. ఆయన వాదనలో నాకు అబ్బురంగా తోచేది దాని మొదలు. ఎదుటివాళ్లు కాదనలేని కాగితంతోనే ఎత్తుకునేవారు. 610 జీవోనే చూడండి. 1985 డిసెంబర్ 30న ఎన్టీ రామారావు ప్రభుత్వం ఇచ్చింది. ఉద్యోగాల్లో స్థానికులకు వాటా పెట్టిన రాష్ట్రపతి ఉత్తర్వులకు విరుద్ధంగా తెలంగాణలో నియమించిన స్థానికేతరులను 1986 మార్చి 31లోగా వెనక్కి పంపాలన్నది అందులోని మాట. జీవో సర్కారుది, గడువూ సర్కారు పెట్టుకున్నదే. ఆ జీవో అమలైందో లేదో తేల్చడానికి 2001లో మళ్లీ గిర్‌గ్లానీ కమిషన్ వేయాల్సి వచ్చింది. ఈ తేదీలు వరసగా చెబితే చాలు, ఎవరినీ తిట్టక్కర్లేదు. కోపం వినేవాడికే వస్తుంది.

ఆంధ్ర, తెలంగాణ నాయకులు చేసుకున్న 1956 ఫిబ్రవరి 20 నాటి పెద్దమనుషుల ఒప్పందమూ అంతే. ముఖ్యమంత్రి ఒక ప్రాంతం వాడైతే ఉపముఖ్యమంత్రి రెండో ప్రాంతం వాడు కావాలని రాసుకున్నారు. ఆంధ్రప్రదేశ్ మొదటి మంత్రివర్గంలో ఆ పదవే లేదు.

ఈ పద్ధతి విలువ మా వైపు వాళ్లకు బాగా తెలుసు. విజయవాడ బస్సులు ఆగే ఆ ఎల్‌బీ నగర్ చౌరస్తా మాది. దిల్‌సుఖ్‌నగర్ నుంచి వనస్థలిపురం దాకా నల్లగొండ వాళ్లు, గుంటూరు వాళ్లు ఒకే మెట్లెక్కి దిగుతారు. పాలకులను నిలదీసే మాట పక్కింటాయన ముఖం చూసి కూడా అనగలిగేలా ఉండాలి. సారు మాట అలా ఉండేది.

అలాగని ఆవేశాన్ని ఆయన చిన్నచూపు చూడలేదు. ఉద్యమానికి భావవ్యాప్తి, ఆందోళన, రాజకీయ ప్రక్రియ అని మూడు దశలు చెప్పేవారు. ఆందోళనది రెండో చోటు. నీళ్లు, నిధులు, నియామకాల్లో తనకేం దక్కాలో తెలిశాకే మనిషి రోడ్డెక్కాలి. ఆయన మాటకు విలువ రావడానికి ఇంకో కారణమూ ఉంది: పెళ్లి చేసుకోలేదు, ఎన్నికల్లో నిలబడలేదు. సొంత లాభం చూసుకుంటున్నాడని వేలెత్తి చూపే సందు ఎవరికీ దొరకలేదు.

ఆయన వాదన గట్టిదనం, తెలంగాణ డిమాండ్‌ను పరిశీలించడానికి కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ దగ్గర తెలిసొచ్చింది. కమిటీ నివేదిక ఇచ్చింది 2010 డిసెంబర్ 30న, సరిగ్గా 610 జీవోకు పాతికేళ్లు నిండిన రోజున. తెలంగాణ కన్నా రాయలసీమే వెనుకబడి ఉందని అందులో తేల్చారు. వెనుకబాటు ఒక్కదాన్నే నమ్ముకున్న వాదనకు అది పెద్ద దెబ్బ. రాసిచ్చిన మాట తప్పారని, మా పాలన మాకు కావాలని సారు చెప్పిన భాగాన్ని మాత్రం ఆ అంకెలు తాకనైనా లేదు.