ఆలస్యంగా తేలిన నీలం, వేళ మరవని ఆలుచిప్ప

ఎల్లాప్రగడ సుబ్బారావు గురించి తెలుగు పాఠకుడికి కొత్తగా చెప్పబోవడం మా కారేపల్లి వాళ్లకు ఇల్లెందు దారి చూపించడమే. 1895లో భీమవరంలో పుట్టుక, 1922లో బోస్టన్ ప్రయాణం, హార్వర్డ్‌లో ఎంత చేసినా ఉద్యోగం స్థిరపడకపోవడం, 1940లో లెడర్లే కంపెనీకి మారడం, 1948లో మరణం బడిపిల్లలు కూడా అప్పజెబుతారు. కె. పంపాపతిరావు పేరు మాత్రం జువాలజీలో ఎమ్మెస్సీ చేసినవాళ్లలోనూ కొందరికే తెలుసు. తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం 1954లో మొదలైంది. అక్కడి జంతుశాస్త్ర శాఖకు తొలి దశాబ్దాల్లో ఒక తీరు, ఒక పట్టుదల అలవడ్డాయంటే అది చాలావరకు ఆయన చలవే.

ఈ ఇద్దరినీ పక్కపక్కన పెట్టి చదవాలని నాకు చాలాకాలంగా కోరిక. ఎవరు గొప్ప అని తేల్చడానికి కాదు, ఆ త్రాసు నా దగ్గర లేదు. ఇద్దరూ తెలుగువాళ్లే, ఇద్దరూ అమెరికాలో జంతువుల మీద ప్రయోగాలతోనే పేరు తెచ్చుకున్నారు. సుబ్బారావు చేతికి పిల్లి కండరం వచ్చింది. పంపాపతిరావు చేతికి పసిఫిక్ తీరంలో రాళ్లకు అంటుకుని బతికే ఆలుచిప్ప వచ్చింది. సుబ్బారావు మళ్లీ ఇంటి ముఖం చూడలేదు, పంపాపతిరావు తిరిగొచ్చి శేషాచలం కొండల కింద ప్రయోగశాల పెట్టుకున్నారు. ఇంతవరకు జీవితచరిత్ర. అసలు పోలిక వాళ్ల వ్యాసాల్లో ఉంది.

సుబ్బారావు, ఆయన గురువు సైరస్ ఫిస్కీ కలిసి 1925లో రక్తంలో, మూత్రంలో ఫాస్ఫేట్ ఎంతుందో కొలిచే పద్ధతి ఒకటి ప్రకటించారు. ఆమ్లంలో మాలిబ్డేట్ కలిపి, దానికి ఒక క్షయకరణి చేర్చితే ద్రవం నీలంగా మారుతుంది. ఫాస్ఫేట్ ఎంత ఎక్కువుంటే నీలం అంత చిక్కన. పరిమాణం తెలిసిన ఫాస్ఫేట్ నాళికను పక్కన పెట్టుకుని రంగులు సరిచూస్తే లెక్క తేలుతుంది. అదే పద్ధతిని కండరం నుంచి వడపోసిన ద్రవానికి వాడితే ఒక చిక్కు వచ్చింది. సరిచూసే నాళికలో నీలం కొద్ది నిమిషాల్లోనే నిండుగా తేలుతుంటే, కండరపు నాళికలో రంగు మొదట వెలవెలబోయి, ఆ తర్వాత మెల్లగా ముదిరి, అరగంట ప్రాంతంలో దాన్ని అందుకుంటోంది. ఇంకొకరైతే రసాయనం పాతబడిందనుకుని కొత్త సీసా తెరిచేవారు. వీళ్లు మాత్రం ఆ ఆలస్యం దగ్గరే కూర్చున్నారు. కండరంలో ఉన్నదంతా విడి ఫాస్ఫేట్ కాదు, అందులో పెద్ద భాగం మరో పదార్థానికి వదులుగా అంటుకుని ఉంది, మాలిబ్డేట్ ఆమ్లంలో అది విరుగుతున్నకొద్దీ రంగు పెరుగుతోంది. ఆ పదార్థమే ఫాస్ఫోక్రియాటిన్. కండరాన్ని విద్యుత్తుతో ప్రేరేపిస్తే అది తరుగుతుంది, విశ్రాంతినిస్తే మళ్లీ కూడుకుంటుంది. 1927లో సైన్స్ పత్రికలో చీటీ అంత ప్రకటన, 1929లో యాభై పేజీల వ్యాసం.

పంపాపతిరావు 1953 నాటి వ్యాసం అంత నాటకీయంగా మొదలవదు. లాస్ ఏంజెలెస్‌లో ఉంటూ ఆయన అడిగిన ప్రశ్న పైకి చాలా సాదాది. దక్షిణ కాలిఫోర్నియా నుంచి వాషింగ్టన్ రాష్ట్రంలోని ఫ్రైడే హార్బర్ దాకా, అంటే 34 డిగ్రీల అక్షాంశం నుంచి 48 డిగ్రీల దాకా, ఒకే జాతి ఆలుచిప్పలు ఉన్నాయి. ఉత్తరాన నీళ్లు చల్లన, దక్షిణాన వెచ్చన. ఆలుచిప్ప నీటిని లోపలికి లాగి బయటికి తోస్తూ బతుకుతుంది, ఆ తోసే వేగాన్ని కొలవవచ్చు. ఒకే బరువున్న చిప్పల్ని ఒకే వేడిలో ఉంచి కొలిస్తే ఉత్తరాది చిప్పే ఎక్కువ నీళ్లు తోస్తోంది. చల్లని నీళ్లలో పుట్టి పెరిగింది కాబట్టి ఆ చలికి తగ్గట్టు తన యంత్రాన్ని ముందే బిగించుకుంది. మరుసటి ఏడాది ఇంకో వ్యాసం. తొట్టిలో వెలుగు మారకుండా, వేడి మారకుండా ఉంచినా చిప్పలు నీటిని తోసే వేగం ఆటుపోట్ల వేళలకే పెరిగి తరుగుతోందని అందులో చూపారు. అట్లాంటిక్ తీరం కేప్‌కాడ్ నుంచి తెప్పించిన చిప్పలు కాలిఫోర్నియాకు వచ్చాక కూడా కేప్‌కాడ్ పోటు వేళనే పాటించాయి. పసిఫిక్ నీళ్లలో ఉంచాకే కొత్త సముద్రానికి సర్దుకున్నాయి.

ఇద్దరి మధ్య చుట్టరికం నాకు ఇక్కడే కనబడుతుంది. సుబ్బారావును దారిలో పెట్టింది ఆలస్యంగా వచ్చిన రంగు. అలాగే పంపాపతిరావును దారిలో పెట్టింది తన ఊరి వేళ వదలని చిప్ప. రెండు చోట్లా కొలతలో కాలం అడ్డం పడింది, రెండు చోట్లా ఆ అడ్డాన్ని తుడిచేయకుండా దాని వెంటే నడిచారు. ఆపైన దారులు చీలాయి. సుబ్బారావుకు కాలం ఒక ఆచూకీ మాత్రమే, పదార్థం పేరు తెలిశాక దానితో పని తీరిపోయింది. పంపాపతిరావుకైతే వెతుకుతున్న వస్తువే కాలం. సుబ్బారావు వ్యాసంలో ఆ పిల్లి ఏ ఊరిది, ఏ వేళకు తిన్నది అన్న ఊసుండదు, ఉండాల్సిన పనీ లేదు. కండరం ఎవరిదైనా కండరమేనన్నది అక్కడి నమ్మకం. పంపాపతిరావు వ్యాసంలోనైతే జంతువుకు చిరునామా ఉంటుంది, బరువు ఉంటుంది, గంట ఉంటుంది. థియోడర్ బుల్లక్ అనే జంతుశాస్త్రవేత్తతో కలిసి 1954లో రాసిన వ్యాసంలో ఆయన దీన్నే ఒక వాదంగా నిలబెట్టారు. వేడి 10 డిగ్రీలు పెరిగితే జీవక్రియ ఎన్ని రెట్లు పెరుగుతుందన్న అంకెను అప్పటిదాకా స్థిరాంకంలా చూసేవారు. అది జంతువు పరిమాణాన్ని బట్టీ, అది బతికే చోటి వేడిని బట్టీ మారుతుందని ఆ వ్యాసం చెప్పింది.

నాకు సుబ్బారావు వ్యాసంలోని బిగువు ఇష్టం, పంపాపతిరావు వ్యాసంలోని ఓపిక కూడా అంతే ఇష్టం. బిగువున్నచోట ఓపిక ఉండదనీ, ఓపిక ఉన్నచోట చురుకు ఉండదనీ అనుకునేవాళ్లు రెంటినీ చదవనివాళ్లు.

తిరుపతికి వచ్చాక పంపాపతిరావు ఎంచుకున్న జంతువుల జాబితా చూస్తే కారేపల్లి మనిషికి నవ్వొస్తుంది. చెరువు నత్త, మంచినీటి ఆలుచిప్ప, పొలం ఎండ్రకాయ, నల్ల తేలు. సింగరేణి మండలంలో ఏ మాగాణి గట్టు మీద నిలబడ్డా వీటిలో మూడు కాళ్ల దగ్గరే ఉంటాయి, నాలుగోది చెలకలో రాయి కింద ఉంటుంది. విదేశాల నుంచి తెల్ల ఎలుకలు తెప్పించుకునే స్తోమత లేక ఇలా చేశారని కొందరంటారు. నాకలా తోచదు. చోటును బట్టి జంతువు మారుతుందని పసిఫిక్ తీరంలో రుజువు చేసిన మనిషి, తన చోటికి వచ్చాక చోటు జంతువుల్ని కాక మరేం పట్టుకుంటాడు?

ఆయన తిరుపతిలో అక్షాంశాల్ని ఎందుకు వదిలేశారన్నదీ ఆలోచించాల్సిన సంగతే. లాస్ ఏంజెలెస్‌కూ ఫ్రైడే హార్బర్‌కూ మధ్య 14 డిగ్రీలు. తిరుపతికీ కారేపల్లికీ మధ్య దాదాపు నాలుగే. అంత తక్కువ తేడాలో ఉత్తర దక్షిణాలు తీసి చూపడం కష్టం. తెలుగు నేల మీద పెద్ద తేడాలు ఊరికీ ఊరికీ మధ్య కాదు, ఒకే ఊళ్లో మే నెలకూ ఆగస్టుకూ మధ్య, మిట్టమధ్యాహ్నానికీ చీకటి పడే వేళకూ మధ్య ఉంటాయి. ఆగస్టులో మోకాలి లోతు నీళ్లున్న మడి మే నెలకు నెర్రెలిస్తుంది. నత్త మట్టిలోకి దిగి, మూత బిగించుకుని, తినకుండా తాగకుండా నెలలు గడిపేస్తుంది. ఆ నత్త ఒంట్లో అన్ని నెలలు ఏం జరుగుతోందన్నది తిరుపతి వాళ్లకు ఏళ్ల తరబడి పనిచ్చింది. తేలు విషయంలో అలాగే గంటలు పనిచ్చాయి.

తేలు సంగతి కాస్త దగ్గరగా చూద్దాం. మండ్రగబ్బ పొద్దుగూకినంక బయటికొస్తుందని మా వైపు అందరికీ తెలుసు. కట్టెల మోపు ఎత్తేముందు కర్రతో కదిలిస్తారు, చెప్పులు దులిపి గానీ కాలు పెట్టరు. అయితే చీకటే తేలును లేపుతోందా, లేక తేలు లోపల వేళ తెలిపేది వేరే ఏదైనా ఉందా అన్నది ఇంట్లో ఎవరూ అడగరు, అడిగితే పొయ్యి వెలగదు. తిరుపతిలో హెటెరోమెట్రస్ ఫుల్విపెస్ అనే నల్ల తేలు నాడీదండంలో విద్యుత్ ప్రేరణల్ని గంట గంటకూ నమోదు చేశారు. పగలు మందగించి, రాత్రి తొలి జాముకు ఉరకలెత్తే లయ ఆ నాడిలోనే ఉంది. అక్కడి పరిశోధకులు వెంకటాచారి, మురళీకృష్ణ దాస్ 1968లో అదే నాడీదండంలో కోలినెస్టరేజ్ అనే ఎంజైము చురుకుదనం కూడా ఇలాగే ఏ వేళకు ఆ వేళ పెరిగి తరుగుతోందని చూపారు. అంతకు ఏడాది ముందు పంపాపతిరావు, గోవిందప్ప కలిసి తేలు కండరాల్లో డీహైడ్రోజినేజ్ ఎంజైముల దినచర్యను కొలిచారు.

నా దృష్టిలో ఆ 1967 వ్యాసం ఈ రెండు తీరులూ కలిసిన చోటు. అందులో హార్వర్డ్ కండరం ఉంది, పసిఫిక్ గడియారం ఉంది. కండరంలో ఏముంది అని సుబ్బారావు అడిగిన ప్రశ్నకు ఎన్ని గంటలకు అన్న ఎదురు ప్రశ్న చేరింది. ఎవరి వ్యాసాన్నీ ఎవరూ ఖండించలేదు. కండర రసాయనం అంటే ఒక పట్టిక అనుకున్నవాళ్లకు అది రోజంతా కదిలే గీత అని తెలిసింది, అంతే. పనిముట్ల విషయంలోనూ అప్పు కనిపిస్తుంది. కణాలకు శక్తినిచ్చే ఏటీపీని విరిచే ఎంజైము చురుకుదనం కొలవాలంటే విడుదలైన ఫాస్ఫేట్‌ను కొలవాలి. మన విశ్వవిద్యాలయాల శరీరధర్మ శాస్త్ర వ్యాసాల్లో పద్ధతుల భాగం తిరగేస్తే దశాబ్దాల తరబడి అక్కడ ఫిస్కీ-సుబ్బారావు, 1925 అన్న మాట తప్పకుండా తగులుతుంది. అయితే ఆ రెండో పేరు ఒక తెలుగువాడిదని ఆ నీలం చూస్తూ కూర్చున్న విద్యార్థుల్లో ఎందరికి తట్టిందో!

ఇద్దరి మాటలూ వెంటనే చెల్లలేదు. కండరం సంకోచానికి లాక్టిక్ ఆమ్లమే మూలమన్న సిద్ధాంతం అప్పటికి రాజ్యమేలుతోంది. 1922 నోబెల్ బహుమతి కండరాల మీదే ఎ. వి. హిల్‌కూ ఓటో మేయర్‌హాఫ్‌కూ వచ్చింది. 1930లో లుండ్స్‌గార్డ్ అనే శాస్త్రవేత్త కండరానికి అయొడోఅసిటేట్ విషం పెట్టి, లాక్టిక్ ఆమ్లం పుట్టకుండానే అది సంకోచించగలదని చూపాక పాత సిద్ధాంతం ఒరిగింది. ఖ్యాతిలోనూ పొత్తు తప్పలేదు. లండన్‌లో ఎగిల్టన్ దంపతులు కప్ప కండరంలో అదే పదార్థాన్ని అదే 1927లో పట్టుకున్నారు, ఫిస్కీ, సుబ్బారావు నివేదించిన ఏటీపీని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుక్కున్నాడు. పంపాపతిరావు ఆటుపోట్ల లయ కూడా అలాగే పరీక్షకు నిలబడాల్సి వచ్చింది, పైగా ఆ పరీక్ష ఇంకా గట్టిది. తర్వాత వచ్చిన కొందరికి ఆలుచిప్పల్లో ఆ లయ అంత స్పష్టంగా దొరకలేదు. ఎంత తిండి ఉంది, ఎంత కదిలించారు అన్నవాటిని బట్టి చిప్ప నీరు తోసే వేగం మారుతుందని వాళ్ల అభ్యంతరం. రసాయనం ఒకసారి చేతికి చిక్కితే ఏ దేశంలోనైనా మళ్లీ చిక్కుతుంది, ప్రవర్తన అలా కాదు. ఇది ఆ మనిషి లోపం కన్నా ఎంచుకున్న వస్తువు స్వభావం అని నేను అనుకుంటాను. అయినా సుబ్బారావు వ్యాసాన్ని మెచ్చుకున్నంత తేలిగ్గా ఆ 1954 ఆటుపోట్ల వ్యాసాన్ని ఇవాళ మెచ్చుకోలేమని ఒప్పుకోవాలి. అక్షాంశాల వ్యాసానికి మాత్రం ఆ ఇబ్బంది లేదు. వేడికి జంతువులు ఎలా సర్దుకుంటాయన్న చర్చలో దాని స్థానం దానిదే.

ఇంకో మాట సుబ్బారావు వైపు నుంచి. ఎవరిదైనా కండరమే అన్న ఆయన నమ్మకానికి ఒక హద్దు త్వరలోనే బయటపడింది. మేయర్‌హాఫ్, లోమన్ 1928లో మంచినీటి క్రేఫిష్ కండరాన్ని పరీక్షిస్తే అందులో ఫాస్ఫోక్రియాటిన్ లేదు, దాని పని చేస్తున్నది ఫాస్ఫోఆర్జినిన్. వెన్నెముక ఉన్న జంతువుల్లో మొదటిది, పురుగులు, పీతలు, నత్తల వంటి వాటిలో ఎక్కువగా రెండోది. అంటే కారేపల్లి మాగాణిలో ఒకే గట్టు కింద, ఒకే బురదలో, జూలై వానలకు బయటపడ్డ కప్ప తొడలో ఉన్నది సుబ్బారావు కనుక్కున్న పదార్థం, దాని పక్క బొరియలోని ఎండ్రకాయ డెక్కలో ఉన్నది మరొకటి. ఏటీపీ మాత్రం రెండింటిలోనూ ఉంది. అది కూడా ఫిస్కీ, సుబ్బారావు నివేదించినదే. కాగా ఆ కప్పకూ, ఆ ఎండ్రకాయకూ ఈ నిల్వలు మే నెలలో ఎంత, జూలైలో ఎంత, పగలెంత, రాత్రెంత అని అడిగితే, సమాధానం కోసం తిరుపతి పద్ధతినే పట్టుకోవాలి.