శంకరాభరణంలో కనిపించని గురువు

తెలుగులో గొంతు గురించి మాట్లాడాలంటే మనకి పక్షులూ జంతువులూ కావాలి. బాగుంటే కోకిల. బాగోకపోతే కాకి, గాడిద, కప్ప. మధ్యలో ఏమీ లేదు. వీటన్నిటికంటే ఘోరమైన మాట ఇంకోటుంది: "ఆవిడకి గొంతు లేదు." పిల్లల్ని కేకలేస్తుంది, ఫోన్లో గంటలకొద్దీ నవ్వుతుంది, అయినా గొంతు లేదు!

నేను హైదరాబాద్‌లో పెద్దవాళ్ళకి పాడటం నేర్పుతాను. వోకల్ కోచ్ అంటే మా అమ్మకి నోరు తిరగదు, "పాటల టీచరు" అని చెప్పుకుంటుంది. నా దగ్గరికొచ్చేవాళ్ళలో చాలామంది మొదటిరోజు అనేది ఒక్కటే. "నాకు గొంతు లేదండీ, ఊరికే సరదాకి." సరదాకి వచ్చిన మనిషి వాటర్ బాటిల్‌ని అంత గట్టిగా ఎందుకు పట్టుకుంటారు?

ఈ మాట ఎక్కడ పుట్టిందో చెప్పడం కష్టం గానీ, దానికి గౌరవం ఎక్కడ దొరికిందో చెప్పగలను. కె. విశ్వనాథ్ సినిమాల్లో. సంగీతం గురువు అనగానే మన తల్లిదండ్రులకీ, వాళ్ళ ద్వారా మనకీ కళ్ళముందు మెదిలేది జె.వి. సోమయాజులు. 1980లో వచ్చిన 'శంకరాభరణం'లో శంకరశాస్త్రి. కూతురి మనసు ఎటో పోయి ఒక స్వరం పక్కకి జారితే, "శారదా!" అని ఉరిమే శంకరశాస్త్రి. ఆ కేక ఇవాళ మీమ్ అయిపోయింది, రీల్స్‌లో నవ్వుకుంటున్నాం. సినిమా మాత్రం దాన్ని నవ్వులాటగా తీయలేదు. కేకేసినవాడిది నిష్ఠ, ఉలిక్కిపడినదానిది అపరాధం. ప్రేక్షకుడు నిష్ఠ వైపే నిలబడతాడు. నేనూ చాలా ఏళ్ళు అటే నిలబడ్డాను, ఆ సినిమా అంత బాగుంటుంది మరి.

ఇప్పుడు నా పని వైపు నుంచి చూస్తే ఆ దృశ్యంలో వేరే విషయం కనిపిస్తుంది. భయం వేసినప్పుడు మెడ దగ్గర కండరాలు బిగుస్తాయి. స్వరపేటిక పైకి లాక్కుంటుంది. ఊపిరి పొట్టదాకా దిగకుండా రొమ్ములోనే ఆగిపోతుంది. అలాంటప్పుడు శ్రుతి నిలవడం ఇంకా కష్టం. అంటే, తప్పు పాడిన పిల్లని ఉరిమి బెదిరిస్తే ఆమె తర్వాతి స్వరం కూడా తప్పే పాడే అవకాశం పెరుగుతుంది. శంకరశాస్త్రి మహా విద్వాంసుడు, సందేహం లేదు. టీచర్‌గా మాత్రం ఆ క్షణంలో చేయకూడని పనే చేశాడు.

అసలు తమాషా తెర వెనకాల ఉంది. శంకరశాస్త్రి గొంతు ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానిది. ఆయన శాస్త్రీయ సంగీతం పద్ధతిగా నేర్చుకున్నవాడు కాదు. ఇంత బరువు నా వల్ల కాదేమో అని జంకాడు. ఆయనకి ధైర్యం చెప్పి, ఆ పాటలు కూర్చోబెట్టి నేర్పింది సంగీత దర్శకుడు కె.వి. మహదేవన్ సహాయకుడు పుహళేంది. ఈ సంగతి బాలు తర్వాత ఎన్నో చోట్ల తనే చెప్పుకున్నాడు. ఆ సినిమాకి మహదేవన్‌కీ, బాలుకీ, వాణీ జయరామ్‌కీ జాతీయ అవార్డులొచ్చాయి. అంటే మన సంగీతాభిమానానికి గోపురంలా నిలబెట్టుకున్న సినిమాలో అసలైన పాఠం ఇలా జరిగింది: భయపడుతున్న ఒక పెద్దమనిషి, పక్కన ఓపిగ్గా కూర్చున్న ఇంకో మనిషి, ఒక్కో సంగతీ విడదీసి మళ్ళీ మళ్ళీ. దాన్ని ఎవరూ సినిమా తీయలేదు. అందులో ఉరుము లేదు కదా!

1992లో వచ్చిన 'స్వాతికిరణం'లో విశ్వనాథ్ ఈ గురువునే నిలదీశాడు, దాన్ని ఒప్పుకోవాలి. శిష్యుడి ప్రతిభ చూసి ఓర్వలేని అనంతరామశర్మగా మమ్ముట్టి, పిల్లవాడు గంగాధరంగా మాస్టర్ మంజునాథ్. గురువు అసూయకి పిల్లవాడు ప్రాణం తీసుకుంటాడు. ధైర్యమున్న సినిమా. కానీ అక్కడ కూడా గొంతు అనేది పుట్టుకతో వచ్చిన వరమే. గంగాధరానికి ఉంది, అంతే. ఎవరూ ఎవరికీ పెద్దగా నేర్పరు. పోటీ అంతా ఒక వరానికీ ఇంకో వరానికీ మధ్యే.

నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టేది ఇంకో చిన్న విషయం. గంగాధరం గొంతు వాణీ జయరామ్‌ది. అప్పటికి ఆవిడ నలభైల్లో ఉన్నారు. పాటలు అద్భుతం, జాతీయ అవార్డు కూడా వచ్చింది. పిల్లలకి ఆడవాళ్ళు పాడటం మన సినిమాల్లో మామూలే. కాకపోతే ఆ వయసు మగపిల్లాడి గొంతు ఇంకో ఏడాదికో రెండేళ్ళకో మారిపోతుంది. స్వరపేటిక పెరుగుతుంది, శ్రుతి దాదాపు ఒక స్థాయి కిందకి దిగుతుంది, మధ్యలో కొన్ని నెలలు ఏ స్వరం ఎక్కడుందో వాడికే తెలీదు. మన కథల్లో ఆ నెలలకి చోటు లేదు. నా దగ్గరికొచ్చే మగవాళ్ళలో కొందరు సరిగ్గా ఆ వయసులోనే పాట మానేశారు. "చిన్నప్పుడు బాగా పాడేవాణ్ణి, తర్వాత గొంతు పోయింది" అంటారు. పోలేదండీ, మారింది. కొత్త గొంతుని ఎలా వాడుకోవాలో చెప్పేవాళ్ళే లేరు.

'పాడుతా తీయగా' సంగతి ఎత్తకపోతే అన్యాయం. 1996లో మొదలైన ఆ కార్యక్రమంలో బాలు కూర్చున్న తీరు శంకరశాస్త్రికి జవాబులా ఉండేది. ముందు మెచ్చుకోలు, తర్వాత సవరణ. 'శ'కీ 'ష'కీ తేడా, ఒత్తుల బరువు, ఆ పాట పుట్టిన కథ. పుహళేంది దగ్గర పొందినదే ఆయన తిరిగి పంచిపెట్టాడని నాకనిపిస్తుంది, ఇది నా ఊహే. అయినా అది పోటీ. ఎవరో ఒకరు ఇంటికెళ్ళాలి. ఆ ప్రోగ్రాం చూస్తూ పెరిగిన మా తరానికి పాట అంటే మార్కులు పడే విషయం అని కూడా లోపల ఎక్కడో నాటుకుపోయింది. బంధువులింట్లో "ఏదీ, ఓ పాట పాడమ్మా" అనగానే హాల్లో సోఫా కాస్తా జడ్జీల బల్ల అయిపోతుంది. పెళ్ళిచూపుల్లో "అమ్మాయికి పాటలొచ్చా?" అన్న ప్రశ్న తగ్గింది గానీ, ఆ కూర్చునే పద్ధతి పోలేదు.

మరి నేను క్లాసులో చేసేది ఏమిటంటే, చెబితే చప్పగా ఉంటుంది. నేలమీద పడుకోబెట్టి పొట్టమీద పుస్తకం పెడతాను, ఊపిరికి అది లేచి దిగాలి. పెదాలు బుర్రుమనిపిస్తూ, పసిపిల్లలు చేస్తారే అలా, స్వరాలు ఎక్కిస్తాను. సన్నటి స్ట్రాలోంచి హమ్ చేయిస్తాను, అలా చేస్తే స్వరతంత్రుల మీద ఒత్తిడి తగ్గుతుంది. ఎవరికైనా నవ్వొస్తుంది. నవ్వొస్తే మెడ వదులవుతుంది, నాకు కావలసింది అదే. సరళీ స్వరాలు తర్వాత. వాటిని కూడా అందరికీ ఒకే శ్రుతిలో కాకుండా, ఎవరు మామూలుగా మాట్లాడే చోటికి దగ్గరగా వాళ్ళకి పెట్టుకుంటాం.

ఈ శ్రుతి దగ్గరే అసలు గొడవంతా. కరోకే ట్రాకులు ఆ పాట మొదట పాడినవాళ్ళ శ్రుతిలో ఉంటాయి. జానకి శ్రుతిలో, చిత్ర శ్రుతిలో. గొంతు కాస్త కిందుండే అమ్మాయి దానిమీద పాడితే పల్లవి ఎలాగో గడుస్తుంది, చరణంలో పైకి వెళ్ళేసరికి పీక నొక్కినట్టవుతుంది. ఆగిపోతుంది. "చెప్పాను కదా, నాకు గొంతు లేదు." చాలామంది తమ గొంతు మీద ఇచ్చుకున్న తీర్పు నిజానికి ఇంకొకరి శ్రుతి మీద ఇచ్చినది.

ఒకావిడ, బ్యాంకు ఉద్యోగి, నలభై దాటాయి. స్కూల్లో ప్రార్థన బృందంలోంచి ఆమెని పక్కన నిలబెట్టి, "నువ్వు పెదాలు మాత్రం ఆడించు" అన్నారట. ముప్ఫై ఏళ్ళు ఆడించింది. గుళ్ళో, పుట్టినరోజుల్లో, ఆఖరికి సొంత పిల్లల్ని నిద్రపుచ్చేటప్పుడు కూడా ఫోన్లో పాట పెట్టేదట. ఆమె ఇష్టపడ్డ పాటని యాప్‌లో నాలుగు మెట్లు కిందకి దించాను. చరణం మొత్తం పాడింది. అయ్యాక చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత అడిగింది: "ఇలా దించుకుంటే దొంగతనంగా పాడినట్టు కాదా మేడమ్?"

కాదన్నాను. నమ్మలేదు. వచ్చేవారం మళ్ళీ అదే పాట, ఈసారి ఇంకో మెట్టు దించి చూద్దామని తనే అంది.