ఆన్‌లైన్ క్లాసు ఖర్చు ఎవరిది?

పుట్టిన బిడ్డ ఊపిరి లెక్కపెట్టడం ఆశా కార్యకర్తలకు నేర్పుతుంటాను. బిడ్డ ఏడుపు మానాక, చొక్కా పైకి తీసి, పొట్ట ఎగిరినప్పుడల్లా ఒకటి చొప్పున నిండు నిమిషం లెక్కించాలి. 60 గానీ ఆపైన గానీ వస్తే మళ్లీ చూడాలి. రెండోసారీ అంతే వస్తే ఆస్పత్రికి. డొక్కలు ఎగరేస్తుంటే లెక్కతో పనిలేదు, వెంటనే బండెక్కించాలి. పక్కన కూర్చుని చూపిస్తే ఒక్క పూటలో వచ్చే పని ఇది. కొవిడ్ తర్వాత దీన్నీ ఫోన్ యాప్‌లోకి ఎక్కించారు.

ఫోన్ పాఠాన్ని నేను తిట్టను. చంటిపిల్లల తల్లులకు బస్సుల తిప్పలు తప్పాయి, మర్చిపోతే మళ్లీ చూసుకోవచ్చు. కానీ ఏజెన్సీ ఊళ్లలో ఆశా సిగ్నల్ కోసం గట్టెక్కి వినాలి. సరిగ్గా పొట్ట కదలిక చూపించే చోటే వీడియో ఆగి చక్రం తిరుగుతుంది. మైదానంలో ఉన్నామెకు ‘పూర్తి’ అని పడుతుంది, ఈమెకు ‘అసంపూర్ణం’. నెలాఖరు మీటింగులో ఆ జాబితా చదివి ఈమెనే నిలబెడతారు. ఆస్పత్రికి ఎక్కువ దూరం ఈమె ఊరే, ఆ విద్య ఎక్కువ అవసరం ఈమెకే.

పిలిపించి నేర్పిన రోజుల్లో బస్సు చార్జీ, భత్యం, మధ్యాహ్నం భోజనం ఉండేవి. ఇప్పుడదంతా ఆదా అని రాసుకుంటున్నారు. ఆదా ఎక్కడిదండీ? రీచార్జి ఆమెది, పోయిన కూలీ ఆమెది. 2005లో ఆశా పథకం మొదలైనప్పటి నుంచీ కాగితం మీద ఆమె స్వచ్ఛంద సేవకురాలే.

మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్లు అభయ్ బంగ్, రాణీ బంగ్ దంపతులు పల్లె స్త్రీలకే నవజాత శిశువుల సంరక్షణ నేర్పారు. ఆ ఊళ్లలో నెలలోపు బిడ్డల మరణాలు 62 శాతం తగ్గాయని 1999లో లాన్సెట్ వైద్య పత్రిక ప్రచురించింది. మన ఆశాలు బాలింత ఇంటికి 42 రోజుల్లో ఆరేడుసార్లు వెళ్లడానికి దారి అక్కడే పడింది. పాఠం చెప్పి వదిలేయలేదు వాళ్లు. ఊరికి వెళ్లి, పని చూసి, తప్పు దిద్దారు. మన యాప్‌లో లేనిది ఆ దిద్దే మనిషే.

‘సర్టిఫికెట్ వచ్చేసింది మేడం, బిడ్డ మీద ఎప్పుడు చూపిస్తారు?’ అని ఒకామె అడిగింది. పై అధికారిని అడిగితే బడ్జెట్ లేదన్నారు. కొత్త యాప్‌కి ఉందట.

వచ్చే బ్యాచ్ నుంచి వీడియోలను పీహెచ్‌సీలోనే ఫోన్లలోకి ఎక్కించి పంపుతున్నాం. సిగ్నల్ లేకున్నా చూసుకుంటారు. ‘అసంపూర్ణం’ గడిని మాత్రం ఇంకా తీయనివ్వలేదు.