ఎముకయు, క్రేనును: ఒక పాఠము గుణదోషములు

ఇంజనీరింగు విద్యార్థులకు మానవ శరీర నిర్మాణమును బోధించు సందర్భమున తరచుగా చెప్పబడు కథ యొకటి కలదు. 1866లో జూరిచ్ నగరమున శరీర నిర్మాణ శాస్త్రాచార్యుడైన హెర్మన్ ఫన్ మేయర్ తొడ ఎముక పైభాగమును నిలువుగా కోసి, లోపలి సన్నని అస్థిపట్టెల అమరికను పండితులకు చూపెను. అదే నగరమున ఇంజనీరింగు ఆచార్యుడైన కార్ల్ కుల్‌మన్ దానిని చూచి, ఆ పట్టెలు బరువు మోయు క్రేనులోని ప్రతిబల రేఖలను పోలియున్నవని గుర్తించెను. ఆ ఎముకను పోలిన వంపు గల క్రేనులో అట్టి రేఖలను తన విద్యార్థులచే గీయించి, రెండింటిని పోల్చెను. డార్సీ థామ్సన్ 1917లో ప్రకటించిన 'ఆన్ గ్రోత్ అండ్ ఫామ్' అను గ్రంథము వలన ఈ కథ మరింత ప్రసిద్ధి కెక్కెను.

కథ మంచిదే. దూలములు, వంతెనలు తెలిసిన విద్యార్థికి ఎముక పరాయి వస్తువు కాదని ఇది ఒక్క చిత్రముతో నచ్చజెప్పును. అయితే పాఠము దీనితో ఆరంభము కావలెను గాని ముగియరాదు. ఇక్కడనే ముగిసినచో విద్యార్థికి మేలుకంటె కీడే ఎక్కువ.

పోలికలోని లోపములు మూడు. మొదటిది: కుల్‌మన్ లెక్కించిన క్రేను అంతటను ఒకే తీరున నిండియున్న ఘనపదార్థము, తొడ ఎముక పైభాగము లోపలనో, మజ్జతో నిండిన వల వంటి కట్టడము. రెండవది: క్రేను కొక్కెమునకు తగిలించిన బరువే లెక్కకు వచ్చినది, కండరముల లాగుడు రాలేదు. నడకలో ఒంటికాలిపై నిలిచిన క్షణమున, తుంటిని నిలబెట్టు కండరములు బలముగా లాగుట వలన ఆ కీలుపై పడు భారము శరీరపు బరువునకు రెండు మూడు రెట్లగును. మూడవది అన్నిటికంటె పెద్దది: క్రేను తన్ను తాను మరల కట్టుకొనదు, ఎముక కట్టుకొనును. జీవించియున్న ఎముక భారమును బట్టి మారునని థామ్సన్ కూడ వ్రాసెను. కథను క్లుప్తముగా తిరిగి చెప్పునపుడు జారిపోవునది ఈ భాగమే.

దీనిని తిరిగి తెచ్చునది కణజాల శాస్త్రము. ఎముకను అడ్డముగా కోసి, పలుచని పొరగా అరగదీసి సూక్ష్మదర్శిని క్రింద ఉంచినచో, ఒకదాని చుట్టు ఒకటిగా అమరిన వలయములు కనబడును. ఒక్కొక్క వలయ సముదాయము అడ్డుకొలత సుమారు 0.2 మిల్లీమీటరు. నడుమ రక్తనాళములు పోవు హావర్సు నాళము ఉండును. వలయముల మధ్య చిన్న చిన్న గూళ్లు. ప్రాణమున్న ఎముకలో ఒక్కొక్క గూటిలో ఒక్కొక్క కణము. సన్నని కాలువల గుండా ఆ కణములు ఒకదానితో ఒకటి సంబంధము కలిగియుండును. భారము పడుటను, తగ్గుటను కనిపెట్టునవి ముఖ్యముగా ఇవియే. ఆ సంకేతములను అనుసరించి ఆస్టియోక్లాస్టులు పాత ఎముకను కరగించును. ఆస్టియోబ్లాస్టులు క్రొత్త ఎముకను కట్టును. భారమును బట్టి ఎముక మారునన్న సూత్రమును యూలియస్ వోల్ఫ్ 1892లోనే ప్రకటించెను.

భారము లేనిచో ఏమగును? అంతరిక్ష కేంద్రములలో నెలల తరబడి ఉన్నవారిని పరీక్షింపగా, తుంటి ఎముక సాంద్రత నెలకు సుమారు 1 నుండి 1.5 శాతము వరకు తగ్గినట్లు తేలినది. కట్టడమును వాడకపోయినంత మాత్రమున అది సన్నబడుట ఏ వంతెనకును లేని గుణము.

ఇది తెలియని ఇంజనీరు కృత్రిమమైన తుంటి కీలును రూపొందింపబూనిన, తొడ ఎముకలో దిగవేయు కాడకు మిక్కిలి దృఢమైన లోహమునే ఎన్నుకొనును. ఎముక పైపొర స్థితిస్థాపక గుణకము నిలువుగా సుమారు 15 నుండి 20 గిగాపాస్కలులు. టైటానియం మిశ్రలోహమునకు సుమారు 110. కోబాల్టు-క్రోమియం మిశ్రలోహమునకు 200కు పైన. బిరుసైన కాడ భారములో అధికభాగమును తానే మోయును. పని తప్పిన ఎముక చుట్టును క్షీణించును. క్రేను లెక్కలో దృఢత్వము గుణము; కణజాలపు లెక్కలో అదే దోషము కావచ్చును.

ఇంతకంటె కఠినమైన పాఠము ఇంగ్లండులోని రైటింగ్టన్ ఆసుపత్రిలో లభించినది. 1960 ప్రాంతమున జాన్ చార్న్‌లీ అను శస్త్రవైద్యుడు కృత్రిమ కీలు గిన్నెను టెఫ్లానుతో చేయించెను. ఘర్షణ అత్యల్పమగుటచే ఎన్నిక సరియైనదిగనే తోచెను. కాని టెఫ్లాను త్వరగా అరిగిపోయెను; రాలిన పొడికి చుట్టునున్న కణజాలము తీవ్రముగా ప్రతిస్పందించెను. సుమారు 300 మందికి అమర్చిన ఈ కీళ్లు రెండు మూడేండ్లలోనే విఫలమగుట మొదలిడెను. ఆయన టెఫ్లానును, పాలిథీనును తన తొడలోనే ఉంచుకొని పరీక్షించెను. కొన్ని నెలల తరువాత టెఫ్లాను ఉన్నచోట గడ్డలు తేలెను. పాలిథీను ఉన్నచోట తేలలేదు. 1962 నుండి అధిక అణుభారము గల పాలిథీను వాడుకలోనికి వచ్చెను. అదియు నిర్దోషము కాదు: దాని సన్నని పొడిని మ్రింగిన స్థూలభక్షక కణములు ఆస్టియోక్లాస్టులను ప్రేరేపించి, ఏండ్ల మీద కీలు చుట్టునున్న ఎముకను తినివేయగలవని తరువాత తెలిసినది. ఘర్షణ గుణకము పట్టికలో దొరకును; ఈ సంగతి స్లైడులోనే దొరకును.

తెలుగునాట ఉస్మానియా విశ్వవిద్యాలయములోను, హైదరాబాదు ఐ.ఐ.టి.లోను బయోమెడికల్ ఇంజనీరింగు బోధింపబడుచున్నది. కావున ఈ ప్రశ్న దూరదేశములది మాత్రమే కాదు. ఎక్కడనైనను ఇట్టి బోధనకు రెండు ప్రమాదములు పొంచియుండును. వైద్యుడు బోధించినచో వైద్య విద్యార్థి పాఠమే కుదించబడి, 206 ఎముకల పేర్ల జాబితాగా మారవచ్చును. ఇంజనీరు బోధించినచో శరీరము మీటలు, గొట్టములు, పంపుల సముదాయముగా మిగిలిపోవచ్చును. రెండు విధములను కాలము చాలనపుడు ముందుగా కత్తిరింపబడునది కణజాల శాస్త్రమే.

వైద్య విద్యార్థికి నెలల తరబడి శవపరిచ్ఛేదనము కలదు. ఇంజనీరింగు విద్యార్థికి ఒక అర్ధ సంవత్సరమే దొరకునన్న వాదము నిజమే. అందుచేతనే ఏది విడువవలెనో ఆలోచింపవలెను. ప్రతి కండరము ఎక్కడ పుట్టి ఎక్కడ అతుకునో కంఠస్థము చేయనక్కరలేదు. అవసరమైనపుడు పుస్తకము చూడవచ్చును. ఎముక, మృదులాస్థి, ధమని గోడ, చర్మము అను నాలుగింటి స్లైడులనైనను శ్రద్ధగా చూచి, చేతితో బొమ్మ గీచి, మూడు ప్రశ్నలకు సమాధానము వ్రాయించిన చాలును: ఈ కణజాలము ఏ బలమును తట్టుకొనుచున్నది? దాని పోగులు ఏ దిశలో ఉన్నవి? బలము మారినను, పరాయి వస్తువు వచ్చి చేరినను, ఇందలి కణములు ఏమి చేయును?

మొదటి రెండు ప్రశ్నలకు కుల్‌మన్ క్రేను కొంతవరకు దారి చూపగలదు. మూడవదానికి చూపలేదు. రోగి శరీరమున అమర్చిన పరికరము పదేండ్లు నిలుచునా, రెండేండ్లకే మరల శస్త్రచికిత్స కావలసివచ్చునా అనునది తరచుగా ఆ మూడవ ప్రశ్నపైననే ఆధారపడియుండును.