పాటకు కర్త యెవరు?

ఉమ్మడి కుటుంబము విడిపోవునప్పుడు భూములు పంచుకొనుట కష్టము కాదు. గొలుసు పట్టి కొలిచినచో ఎకరముల లెక్క తేలిపోవును. ఆ భూములను సాగులోనికి తెచ్చిన చాకిరిని పంచుటయే కష్టము. అది యే దస్తావేజులోను వ్రాసియుండదు. అమెరికా దేశమున "ది బ్యాండ్" అను పేర వెలసిన రాక్ సంగీతపు మేళమువారి రికార్డులను మొదటినుండి తుదివరకు మరల వినినప్పుడు మాకు గలిగిన తలపు ఇదియే. 2025 జనవరిలో గార్త్ హడ్సన్ మరణముతో ఆ యైదుగురిలో నొక్కరును మిగులలేదు. వారి తగవు మాత్రము తీరకయే మిగిలినది.

వారిలో లెవాన్ హెల్మ్ ఒక్కడే అమెరికావాడు. ఆర్కన్సా రాష్ట్రమున ప్రత్తి పండించు రైతు కుమారుడు. రాబీ రాబర్ట్సన్, రిక్ డాంకో, రిచర్డ్ మాన్యుయెల్, హడ్సన్ అను నలుగురును కెనడావారు. రానీ హాకిన్స్ అను గాయకుని వెనుక వాయించుటకై 1961 చివరి నాటికి ఒకరి వెంట నొకరుగా చేరిరి. హడ్సన్ పద్ధతిగా సంగీతము నేర్చినవాడు. ఇంత నేర్పించినది ఇందుకా యని తల్లిదండ్రులు బాధపడుదురని జంకి, తన్ను మేళమునకు సంగీతోపాధ్యాయుడని పిలిచి వారమునకు 10 డాలర్లు అదనముగా నిచ్చిననే వచ్చెదననెను. వారు సమ్మతించిరి. చదివించిన కొడుకు మేళములో చేరెనన్న తలవంపు మన యిండ్లలోనిదే యనుకొంటిమి!

హాకిన్స్‌ను విడిచిన పిమ్మట వారు 1965–66లో బాబ్ డిలన్ వెంట ఊరూర వాయించిరి. డిలన్ విద్యుత్ గిటారు పట్టుటను సహింపని శ్రోతలు కేకలు వేసి గేలి చేసిరి. హెల్మ్ దాని నోర్వలేక 1965 చివర వెడలిపోయి, మెక్సికో సింధుశాఖలోని చమురు బావులయొద్ద కూలిపని చేసెను. 1967లో తక్కినవారు న్యూయార్కు రాష్ట్రమున వుడ్‌స్టాక్ చేరువను, గులాబిరంగు పూసిన యొక యద్దెయింటి నేలమాళిగలో డిలన్‌తో కూడి నూటికి మించిన పాటలు వాయించుకొనిరి. ఆ యేడు చివర హెల్మ్ తిరిగి వచ్చెను. ఆ యింటి పేరనే 1968 జూలైలో వారి మొదటి యాల్బమ్, "మ్యూజిక్ ఫ్రమ్ బిగ్ పింక్," వెలువడినది.

అది యే కాలమో చదువరులు తలచుకొనవలెను. తల్లిదండ్రులను ధిక్కరించుటయే యువకధర్మమని పాటలన్నియు ఘోషించుచున్న దినములవి. వీరో, తమ తల్లిదండ్రులను, బంధువులను ఒక పొలమున నిలువబెట్టి తీయించిన ఛాయాచిత్రమును ఆ రికార్డు అట్టలోపల అచ్చువేయించిరి. సంగీతమునందును అదే తీరు. గిటారు మోతకు మాఱుగా పూర్వపు పల్లెపాటలు, ప్రార్థనాలయ గీతములు, నీగ్రోల "బ్లూస్" పదములు, కొండజాతి ఫిడేలు వరుసలు కలిసి ప్రవహించినవి. వీనిని ప్రదర్శనశాలలోని పాతవస్తువులవలె గాక, ఇంట వాడుకలోనున్న పాత్రలవలె వారు పట్టుకొనిరి. "మూలముల రాక్" అని తరువాతివారు పేరిడిన సంప్రదాయమునకు ఇది ముఖ్యమైన పునాదులలో నొకటి.

ఈ పాటలలో చెవికి తొలుత తోచునది నాయకుడు లేకుండుట. పాడువారు ముగ్గురు. మాన్యుయెల్‌ది పైస్థాయిలో కుమిలిపోవు గొంతు. డాంకోది వణకుచు తడుముకొనునది. హెల్మ్‌ది మట్టి యంటిన గొంతు. "ది వెయిట్" అను పాటలో అలసి యొక యూరు చేరిన బాటసారిపై ఎదురుపడిన ప్రతివాడును ఏదో యొక బరువు మోపును. పల్లవి తుదను ఒక గొంతు ఎత్తుకొన్న మాటను రెండవది, దానిని మూడవది అందుకొనును. బరువును పంచుకొనుట యనునది ఆ పాటలో మాటలకంటె గొంతులే చక్కగ చెప్పుచున్నవి.

1969లో వచ్చిన రెండవ యాల్బమ్‌లో "రాగ్ మామా రాగ్" అను పాటను శ్రద్ధగా వినుడు. డ్రమ్ముల హెల్మ్ మాండొలిన్ పట్టి పాడుచున్నాడు. పియానో మాన్యుయెల్ డ్రమ్ములయొద్ద కూర్చున్నాడు. డాంకో ఫిడేలు, హడ్సన్ పియానో. మంద్రస్వరమునకై నిర్మాత జాన్ సైమన్ తానే ట్యూబా యను పెద్ద బాకా నూదినాడు. ఇందరి చేతులు మారినందుననే ఆ పాటకు ఆ యుల్లాసమైన తడబాటు వచ్చినది. రికార్డుపైన రచయితగా నున్న పేరు రాబర్ట్సన్ ఒక్కనిదే.

లెక్కలు చూడుడు. మొదటి యాల్బమ్‌లోని 11 పాటలలో మాన్యుయెల్ పేర మూడు, డిలన్‌తో కలిసి మఱియొకటి. రాబర్ట్సన్ పేర నాలుగు. రెండవదానిలోని 12 పాటలన్నిటిమీదను రాబర్ట్సన్ పేరున్నది. మాన్యుయెల్ మూడింట, హెల్మ్ ఒకదానియందు పాలివారు మాత్రమే. 1975లోని యాల్బమ్‌లో ఎనిమిదికి ఎనిమిదియు రాబర్ట్సన్‌వే. రచయితకు ఆదాయము తరతరములు వచ్చుచుండును. వాయించినవానికి ఆ వాటా లేదు. 1993లో తన జీవితకథను ప్రకటించినప్పుడు హెల్మ్ ఇది యన్యాయమని బాహాటముగా వ్రాసెను. తాము కూడి చేసిన పాటలను ఒక్కడు తన పేర వ్రాసికొనెనని ఆతని యభియోగము. కూర్చుండి వ్రాసినవాడను నేనేయని రాబర్ట్సన్ సమాధానము.

రాబర్ట్సన్‌ను దొంగ యనుటకు మేము సిద్ధముగా లేము. తక్కినవారు మద్యమునకును మత్తుమందులకును లోబడిన దినములలో కాగితము ముందు కూర్చున్నవాడాతడే. మాన్యుయెల్ కలము 1970 తరువాత ఎండిపోయినది. "విస్పరింగ్ పైన్స్" అను పాటకు మాన్యుయెల్ వరుస కట్టి మాటలు కూర్పలేకుండగా రాబర్ట్సన్ పూర్తిచేసెను. అచ్చట ఇద్దరి పేరులును న్యాయముగానే యున్నవి.

కాని యితర పాటల మాటయేమి? మన దేశమున విద్యవలన నార్జించిన ధనము ఆర్జించినవానిదేయని 1930లో శాసనమైనది. అంతకుముందు కుటుంబపు సొమ్ముతో ప్రత్యేకవిద్య నేర్చినవాని సంపాదన ఉమ్మడి యాస్తిలో చేరుచుండెడిది. చట్టము మంచిదే, సోమరి దాయాదులనుండి కష్టజీవిని కాపాడినది. అయినను రాబర్ట్సన్ విద్య యెచ్చటిది? టొరంటోనుండి పదియాఱేండ్లవాడు ఆర్కన్సాకు పోయి, హెల్మ్ పుట్టిన నేలలో విన్న యాస, చూచిన నది, తెలిసికొన్న మనుష్యులే ఆతని పాటలకు మూలధనము. హక్కు మాటలకును వరుసకును చెందును గాని, డ్రమ్ముపై దెబ్బ యెప్పుడు ఆలస్యముగా పడవలెనో యెఱిగిన చేతికి చెందదు. మన యిండ్లలో పొలము పట్టా పురుషుని పేర నుండ, విత్తనము దాచినది, పాడి చూచినది, కూలివారికి వండిపెట్టినది ఏ పేరును లేక పోవుట చూచువారికి ఈ న్యాయము క్రొత్తది కాదు.

అమెరికా యంతర్యుద్ధపు తుదను (1865) ఓడిన దక్షిణదేశపు బీదరైతు గోడును చెప్పు పాట యొకటి యీ రెండవ యాల్బమ్‌లోనే యున్నది. దానికై రాబర్ట్సన్‌ను గ్రంథాలయమునకు తీసికొనిపోయినవాడను నేనని హెల్మ్ వ్రాసినాడు. హెల్మ్ గొంతున అది విన్నవారికి కన్నీరాగదు. ఐనను ఆ రైతు పోగొట్టుకొన్నది తలచు పాటలో, ఆ యుద్ధమువలన బానిసత్వము వదలినవారి తలపు ఒక్క చరణముననైన లేకుండుట మాకు కొఱతగానే తోచును. లెక్కలో చేరనివారు పాటలో గూడ నుందురు.

1976 నవంబరు 25న శాన్ ఫ్రాన్సిస్కోలో ఐదువేలమందికి విందు పెట్టి "చివరి నృత్య" మను పేర వీడ్కోలు కచేరి చేసిరి. మార్టిన్ స్కార్సేసీ తీసిన ఆ చలనచిత్రము 1978లో వచ్చినది, నిర్మాత రాబర్ట్సన్. చిత్రము మనోహరము; కాని అందు మాన్యుయెల్ ముఖమును వెదకి పట్టుకొనవలెను. విడిపోవలెనను కోరిక హెల్మ్‌ది కాదు. 1983లో రాబర్ట్సన్ లేకయే తక్కినవారు మరల కూడిరి. ఊరూర చిన్న కచేరీలు చేయుచుండగా 1986 మార్చిలో మాన్యుయెల్ ఆత్మహత్య చేసికొనెను. డాంకో 1999లో పోయెను. కంఠమున పుట్టకురుపు వచ్చి గొంతు పోయిన హెల్మ్, మెల్లగ దానిని తిరిగి తెచ్చుకొని తన కొట్టములోనే కచేరీలు పెట్టెను. 2007 నాటి "డర్ట్ ఫార్మర్" అను రికార్డులో ఆ గొంతు చీలినను బొంకదు.

2012 ఏప్రిలులో హెల్మ్ మరణశయ్యపై నుండగా రాబర్ట్సన్ ఆసుపత్రికి వచ్చి చాలసేపు ఆతని చెంత కూర్చుండెను. 2023 ఆగస్టులో తానును గతించెను. "రాగ్ మామా రాగ్" మీద నేటికిని ఒక్క పేరే యున్నది.